రాతి మీద గీసిన రైలు

పిల్లల బొమ్మల పుస్తకంలో రైలును చూస్తే చాలు, గీసినవాడి పనితనం తెలిసిపోతుంది. ముందు చక్రాలు చూడాలి. ఆవిరి ఇంజనుకు పెద్ద చక్రాలను కలుపుతూ ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, అక్కడి నుంచి సిలిండరుకు మరో కడ్డీ పోతుంది. అవి ఉన్నాయా? తర్వాత పొగ. బండి ముందుకు ఉరుకుతుంటే పొగ వెనక్కి వాలాలి. ఈ రెండూ తెలిసిన చెయ్యి గీసిన బొమ్మ పాత పుస్తకాల కుప్పలో దొరికిందంటే, సేకరించేవాడికి ఆ రోజు పండగే.

మా పోచంపల్లికి రైలు లేదు. బండి ఎక్కాలంటే బీబీనగర్ పోవాల్సిందే. అయినా ఈ పుస్తకాల విలువ మా ఊరివాళ్లకు పట్టుబడినంత తేలిగ్గా ఇంకెవరికీ పట్టుబడదని నా గట్టి నమ్మకం. మా చిటికీ (ఇక్కత్) పనిలో నేతకు ముందే నూలును రబ్బరు ట్యూబు ముక్కలతో కట్టి, ఒక్కో రంగులో విడివిడిగా ముంచుతారు. రాతి అచ్చు, అంటే లిథోగ్రఫీ, కూడా అటువంటిదే. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద చిత్రకారుడు జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తాడు. పలకను తడిపి సిరా రోలరు తిప్పితే, సిరా జిడ్డు ఉన్నచోటే అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. ఎరుపుకు ఒక రాయి, నీలానికి ఒక రాయి, నలుపుకు మరో రాయి. కాగితం అన్నిటి మీదుగా పోయి వచ్చేసరికి అంచులు ఒకదానికొకటి కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగిందా, ఇంజను అంచున తెల్లని గీత మిగులుతుంది.

ఈ పనిలో మొనగాడు వ్లదీమిర్ లెబెదెవ్. రష్యన్ కవి మర్షాక్ రాసిన 'సామాను' పుస్తకానికి ఆయన వేసిన బొమ్మలు 1926లో లెనిన్‌గ్రాద్‌లో అచ్చయ్యాయి. ఒకావిడ రైల్లో సోఫా, పెట్టె, బుట్ట, పటంతో పాటు ఒక చిన్న కుక్కపిల్లను కూడా సామానుగా వేసి పంపుతుంది. దారిలో కుక్కపిల్ల తప్పించుకుంటే, రైల్వేవాళ్లు ఇంకో పెద్ద కుక్కను పట్టుకొచ్చి అప్పగిస్తారు. లెబెదెవ్ వెనక దృశ్యమేదీ గీయడు, తెల్ల కాగితాన్ని అలాగే వదిలేస్తాడు. రెండు మూడు రంగు ముక్కలతో బరువైన పెట్టె బరువుగా, తేలికైన బుట్ట తేలికగా కళ్లకు కడతాయి! మరుసటి ఏడాది త్సెఖనోవ్‌స్కీ మర్షాక్ మరో పుస్తకం 'టపా'కు వేసిన బొమ్మలూ ఆ కోవలోవే. అలాంటి లెబెదెవ్‌ను 1936లో ప్రావ్దా పత్రిక కాగితాలు ఖరాబు చేసేవాడని తిట్టిపోసింది. ఎంత అన్యాయం!

అమెరికాలో వర్జీనియా లీ బర్టన్ 1937లో 'చూ చూ' వేసింది. ఒక్క నల్లరంగుతో పారిపోయిన ఇంజను దూకుడంతా పుట మీదికి తెచ్చింది. తిబోర్ గెర్గెలీ బొమ్మలు వేసిన 'టూటిల్' 1945లో వచ్చింది. ఇంగ్లండులో ఆడ్రీ పాస్టరు ఇంజనుల పుస్తకాలు అదే ఏడాది మొదలై 1972 దాకా 26 వచ్చాయి. వాటిని కొలిచేవాళ్లు ఉన్నారు, కొలుచుకోనీ. ఇంజనుకు మొహం పెట్టగానే యంత్రం సగం మాయమవుతుందని నా అభిప్రాయం. నా ఓటు లెనిన్‌గ్రాద్‌కే.

మనకు ఆ గాలి ప్రగతి, రాదుగ ప్రచురణల రూపంలో మాస్కో నుంచి వచ్చింది. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే ఉండి తెలుగు చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో అవి కారుచౌకగా దొరికేవి. నల్లగొండ పల్లెల్లో ఆ పుస్తకాలతోనే చదువు నేర్చిన తరం ఉందంటారు. అటు జపాన్‌లో రైలు పెట్టెల్లో నడిచిన తోమోయె బడి కథ కూడా 'రైలుబడి'గా తెలుగులోకి వచ్చింది. కొత్త పెట్టె వస్తుందని రాత్రంతా బడిలోనే ఉండిపోయిన ఆ పిల్లలను మరిచిపోవడం ఎవరి తరం? దానికి చిహిరో ఇవసాకి నీటిరంగుల బొమ్మలు.

పుస్తకాన్ని పరీక్షించడానికి మన నేతపని పనిముట్టే చాలు. పోగులు లెక్కపెట్టే మడత భూతద్దాన్నే అచ్చుపనివాళ్లూ వాడతారు. బొమ్మ మీద పెట్టి చూడండి. రాతి అచ్చయితే సుద్ద గీత గరుకుగా, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. తర్వాతి ఫొటో ఆఫ్‌సెట్ అయితే వరస తప్పని చుక్కలు కనిపిస్తాయి. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ పాత పుస్తకాల సంతలో ఫుట్‌పాత్ మీద కూర్చుని ఈ పరీక్ష చేసేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. ఇంటికి తెచ్చాక తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసి, దారంతో కుట్టుకోవాలి. చిరిగినచోట సెల్లో టేపు మాత్రం వెయ్యకూడదు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది.

ఇప్పుడు బజారులో దొరికే రైమ్స్ పుస్తకాలు తెరిస్తే కడుపు మండిపోతుంది. కడ్డీ లేని చక్రాలు. బండి ఎటు పోతుందో పొగ కూడా అటే పోతుంది! కంప్యూటర్లో ఎక్కడిదో బొమ్మ తీసుకొచ్చి, అట్ట మీద మెరుపు పూసి అమ్ముతున్నారు. గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. చిటికీ చీర నమూనాను బట్ట మీద అచ్చేసి పోచంపల్లి అని అమ్మేవాళ్లను చూశాం. అసలు చీర రెండు వైపులా ఒకేలా ఉంటుందనీ, అచ్చు చీరను తిరగేస్తే వెలిసిపోయి కనిపిస్తుందనీ ఇక్కడి చంటిపిల్లాడు కూడా చెబుతాడు. మరి పిల్లల కంటికి మొదటి బొమ్మగా ఈ అబద్ధపు రైలును ఎలా ఇస్తున్నాం? గుర్రాన్ని మూడు కాళ్లతో వేస్తే ఊరుకుంటామా?

అటక మీద పాత బొమ్మల పుస్తకాలుంటే కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వెయ్యకండి. రష్యన్ పుస్తకమని, చెదలు పట్టిందని, ఒక పుట పోయిందని పారెయ్యకండి. ఊరి గ్రంథాలయానికివ్వండి, లేదా స్కాన్ చేసి నలుగురికీ పంచేవాళ్లకివ్వండి. తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ పాత సోవియట్ పిల్లల కథలను మళ్లీ అచ్చేస్తోంది. పుట్టినరోజుకు ప్లాస్టిక్ రైలు బదులు అందులో ఒకటి కొనివ్వండి.