నడుమ మేపుల్ దిమ్మ

1958లో గిబ్సన్ కంపెనీ అమెరికాలోని కలమజూ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఈఎస్-335 గిటార్ పనితనం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పొరల మేపుల్ చెక్కతో పలచని ఒళ్లు, అటూ ఇటూ బోలు, నడుమ నిలువునా గట్టి మేపుల్ దిమ్మ. పైచెక్కకు వంపుంది, దిమ్మేమో బల్లపరుపు. ఆ సందులో స్ప్రూస్ ముక్కల్ని వంపుకు అచ్చంగా సరిపోయేలా మలిచి అతికిస్తారు. బయటికి కనబడని ఆ పనికే నా మొదటి దండం. యాంప్లిఫయర్ సౌండ్ పెంచినా గిటార్ కూత పెట్టకుండా చాలావరకు ఆపేది ఆ దిమ్మే.

మరుసటి ఏడాది వచ్చిన ఈఎస్-330 చూపుకి దాని తోబుట్టువే. లోపల దిమ్మ లేదు, తీగల అదురును పట్టే పికప్‌లు పీ-90 రకానివి. స్వరం చటుక్కున లేచి త్వరగా ఆరిపోతుంది. జాజ్ గిటారిస్టు గ్రాంట్ గ్రీన్ స్వరాలను తేటగా, తుంచి తుంచి పలికించింది దీనిమీదే. మరో జాజ్ గిటారిస్టు జాన్ స్కోఫీల్డ్ దశాబ్దాలుగా వాయిస్తున్న జపాన్ తయారీ ఐబనెజ్ ఏఎస్-200లో దిమ్మ ఉంది, స్వరం సాగుతుంది.

దిమ్మ ఉన్నదా, లేనిదా, రెంటిలో ఏది కొనాలో తేలకపోతే ముందు ప్లగ్ పెట్టకుండా వాయించండి. చెక్క అదురు పొట్టకు తెలియాలి. తర్వాత మెడవైపు పికప్ పెట్టి, టోన్ కాస్త తగ్గించి, ఒక్క కార్డ్ మెల్లగా మీటండి. కింది తీగలు ముద్దయిపోకుండా ప్రతి స్వరం విడిగా వినిపించాలి. డ్రమ్స్ పక్కన నిలబడేవాళ్లకు దిమ్మ ఉన్నదే మేలు. చిన్న గదిలో, తోడుగా ఒక్క బాస్ ఉంటే మాత్రం నా ఓటు 330కే.