రెండు చోట్ల కనిపించే ఒకే ఫోల్డర్

సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ను, అంటే షేర్‌ను, మన కంప్యూటర్‌కు తగిలించుకోవడాన్ని మౌంట్ చేయడం అంటాం. సిస్టమ్‌లు చూసుకునే మాలాంటి వాళ్లకు ఇది రోజువారీ పని, ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. అందుకే దాని గురించి ఎవరూ ఆగి ఆలోచించరు. నా లెక్కలో మాత్రం ఆగాల్సింది సరిగ్గా అక్కడే.

ఉట్నూరులో పనిచేస్తే ఈ సంగతి తొందరగా తెలిసొస్తుంది. వానాకాలంలో గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది, నెట్‌వర్క్ స్విచ్ ఆగుతుంది, సర్వర్ అందకుండా పోతుంది. కరెంటు రాగానే పని ఆగకూడదని ఎవరో ఒకరు షేర్‌ను మళ్లీ తగిలిస్తారు. పాత కనెక్షన్ తెగిపోయిందో, ఇంకా వేలాడుతోందో చూడరు. సాయంత్రానికి ఒకే ఫోల్డర్ రెండు చోట్ల కనిపిస్తుంది.

అలాంటి ఒక రోజు, ఓ ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే పిల్లగాడు నన్ను అడిగాడు: “అన్నా, వై డ్రైవ్‌ల ఉన్నయే జెడ్ డ్రైవ్‌ల గూడ ఉన్నయి. జాగ సాల్తలేదు, ఒక దాంట్లయి తీసేయాల్నా?”

“ఆగు తమ్మీ, రెండూ ఒక్కటే. ఇక్కడ తీస్తే అక్కడ గూడ పోతయి.”

అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. కళ్లకు రెండు కనిపిస్తే రెండు ప్రతులున్నాయనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి అది ఒకే గదికి పెట్టిన రెండు తలుపులు. పైగా నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి తీసేసిన ఫైలు మన కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి సాధారణంగా రాదు. అడగకుండా తీసేసి ఉంటే బ్యాకప్ తప్ప దిక్కుండేది కాదు.

ఈ తికమక నెట్‌వర్క్ షేర్ల పుట్టుకలోనే ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ షేరింగ్ పద్ధతిని తయారు చేసినప్పుడు, ఎక్కడో ఉన్న ఫైలు మన డిస్కులోనే ఉన్నట్టు అనిపించాలన్నదే లక్ష్యం. విండోస్ షేర్లదీ అదే దారి. దూరం తెలియకుండా చేయడం గొప్ప సౌకర్యమే. కానీ దూరంతో పాటు, ఆ ఫైలు అసలు ఏ సర్వర్‌ నుంచి వస్తోందన్నదీ మరుగున పడుతుంది.

ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఈ జంట మౌంట్లను ఒక్కోలా చూస్తుంది. విండోస్ ఒకే షేర్‌కు రెండు డ్రైవ్ అక్షరాలు ఇవ్వడానికి ఒప్పుకుంటుంది. అదే సర్వర్‌కు రెండు వేర్వేరు యూజర్ పేర్లతో వెళ్లబోతే మాత్రం 1219 నంబరు ఎర్రర్ చూపి ఆపేస్తుంది. అయితే సర్వర్ పేరు బదులు ఐపీ అంకెలు కొడితే అది వేరే సర్వర్ అనుకుని లోపలికి పంపుతుంది. మ్యాక్‌లో పాత ఫోల్డర్ తొలగకుండా మిగిలిపోతే, కొత్త మౌంట్ పేరు చివర ‘-1’ చేరుతుంది. పాత పేరునే నమ్ముకున్న బ్యాకప్ స్క్రిప్ట్ అప్పుడు సర్వర్‌కు కాకుండా ఆ మ్యాక్ డిస్కులోకే రాస్తూ పోవచ్చు.

లినక్స్ సంగతి ఇంకాస్త లోతైనది. 2.4 కెర్నల్ నుంచి ఒకే ఫైల్‌సిస్టమ్‌ను అనేక చోట్ల మౌంట్ చేయవచ్చు, ఒకే చోట ఒకదాని మీద ఒకటి పేర్చనూ వచ్చు. అదే షేర్‌ను అదే చోట అచ్చంగా అలాగే మళ్లీ తగిలించబోతే ఇప్పటి కెర్నల్ మామూలుగా ‘బిజీ’ అని తిప్పి పంపుతుంది. విండోస్ షేర్‌కు ఒకసారి పేరు, ఒకసారి ఐపీ ఇస్తే మాత్రం రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. ఒకసారి అన్‌మౌంట్ చేస్తే పైది పోయి, కిందిది బయటపడుతుంది. తీసినా పోలేదేమిటని మనిషి కంగారుపడేది అప్పుడే. షేర్ తెగి ఉన్న సమయంలో, దాన్ని మౌంట్ చేసే ఖాళీ ఫోల్డర్‌లో దాచిన ఫైళ్లు ఇంకో చిక్కు. షేర్ తిరిగి వచ్చి పైన కూర్చోగానే అవి కనబడవు. పోలేదు, కప్పబడ్డాయి.

మా ఉట్నూరు వైపు ఇలాంటి వాటిలో జాగ్రత్తకు విలువ ఎక్కువ. నార్నూర్ దగ్గరి గుంజాల గ్రామంలో జయధీర్ తిరుమలరావు నాయకత్వంలోని పరిశోధకులు గోండి రాతప్రతులు వెలుగులోకి తెచ్చారు. ఆ రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఆ లిపి అక్షరాలను కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. అలాంటి రాతప్రతి స్కాన్, పెద్దమనిషి గొంతుతో రికార్డు చేసిన కథ ఒక షేర్‌లో ఉందనుకోండి. చెప్పిన మనిషి మళ్లీ దొరకకపోవచ్చు. రెండు డ్రైవ్‌లలో ఉందిలే అనే ధీమాతో ఒకచోట తుడిచేస్తే ఎవరిని అడుగుతాం?

అందుకే నేను పాటించే పద్ధతి ఇది. మౌంట్ చేసే ముందు లినక్స్‌లో ‘ఫైండ్‌మౌంట్’ (findmnt), విండోస్‌లో ‘నెట్ యూజ్’ కొట్టి చూస్తాను. ఎక్కడ తగిలిందని కాదు, ఏ సర్వర్‌లోని ఏ షేర్ అని చూస్తాను. ఆఫీసు మొత్తానికి ఒకే సర్వర్ పేరు, ఒకే డ్రైవ్ అక్షరం పెడతాను, ఐపీ వాడనివ్వను. లినక్స్ యంత్రాల్లో ఆ వివరాన్ని ‘ఎఫ్‌స్టాబ్’ ఫైల్లో ఒక్కసారే రాస్తాను. అక్కడ ఉన్నది ఇప్పటికే మౌంటై ఉంటే ‘మౌంట్ -ఎ’ దాన్ని వదిలేస్తుంది. బ్యాకప్ స్క్రిప్ట్ మొదటి వరుసలోనే షేర్ నిజంగా తగిలి ఉందా అని అడిగిస్తాను. లేకుంటే అది ఒక్క ఫైలు కూడా రాయకుండా ఆగిపోవాలి. జంట కనిపిస్తే, తెరిచి ఉన్న ఫైళ్లన్నీ మూయించి, ఎవరి పనీ దానిమీద లేదని తేల్చుకున్నాకే ఒకటి విప్పుతాను. ఫైళ్లను తీసేయడం వేరు, మౌంట్‌ను విప్పడం వేరు. ఈ తేడాను మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు అన్నిటికంటే ముందు చెబుతాను.

రెండో డ్రైవ్ అక్షరం రెండో ప్రతి కాదు. రెండో ప్రతి కావాలంటే ఇంకో డిస్కు కొనాలి, కాపీ చేయాలి, తెరిచి సరిచూడాలి, వేరే గదిలో పెట్టాలి. ఆ ఖర్చు, ఆ శ్రమ పెట్టిన రోజే మన ఫైళ్లు రెండు చోట్ల ఉన్నాయని చెప్పుకునే హక్కు మనకు వస్తుంది.