36 అడుగుల వాలు

మా దివిసీమలో ఇల్లు మొదలెడితే మేస్త్రి ముందుగా అడిగేది ‘రోడ్డుకి ఎంత లేపమంటారండీ?’ అని. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల. అలా అడగడంలో తప్పులేదు. పైగా రోడ్డు వేసినప్పుడల్లా ఇంకాస్త పెరిగి, పాత ఇళ్లు పల్లమైపోతాయి. అందుకే బందరైనా గుడివాడైనా కొత్త డాబా అంటే మూడడుగుల పునాది, ఆరు మెట్లు.

చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ మెట్ల దగ్గరే ఆగిపోతాడు. ర్యాంపుకి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలి. మూడడుగులకి 36, మలుపులో చదును అదనం. పట్టణాల్లో పేదలకిచ్చిన సెంటు స్థలాన్ని నలుచదరంగా కొలిస్తే వైపుకి 21 అడుగులు కూడా రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గృహ పథకాల్లో 5 శాతం వాటా ఇవ్వమంది. ఇచ్చారే అనుకుందాం, లోపలికి వెళ్లేదెలా?

మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చాక బందరు పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడదామన్నారు పిల్లలు. పాత మేస్త్రి ఒప్పుకోలేదు. ‘అమ్మగారికి వాలు కావాలిగానీ కొత్త గోడలెందుకండీ?’ అన్నాడు. రోడ్డు పెరిగి ఇల్లు పల్లమైంది కదా, వానొస్తే నీళ్ల బాధ ఉన్నమాట నిజమే. కానీ ఎక్కాల్సింది అడుగున్నరే! దొడ్డివైపు మెట్లు తీసేసి, బుసక పోసి దిమ్మిస కొట్టించి, పైన సిమెంటు వేసి, చక్రం జారకుండా అడ్డగీతలు గీశాడు. వీధి గడపకి పసుపు రాయందే పెద్దమ్మకి తెల్లారదు, దాని జోలికి పోలేదు. దొడ్డి గడప మాత్రం నేలమట్టానికి కోసేశాడు.

పాత టేకు తలుపులు రెండు రెక్కలూ తీస్తే కుర్చీ హాయిగా పడుతుంది. ఇప్పటి డాబాల్లో బాత్రూముకి రెండున్నర అడుగుల గుమ్మం పెడుతున్నారు. తలుపు మందం పోగా కుర్చీ దూరేసరికి వేళ్లు చెక్కుకుపోతాయి. పాతింట్లో చిక్కల్లా బాత్రూము దొడ్లో ఉండటమే. పడగ్గదికి ఆనించి కొత్తది కట్టాం. దూలాల బరువంతా మోసే గోడలో గుమ్మం కొట్టాలంటే ముందు లింటల్ పడాలి. డబ్బంతా అక్కడే పోయింది. ర్యాంపు గోడని తాకేచోట ఏటా ఎండాకాలం బీట ఇస్తుంది, పూస్తూ ఉంటాం, నల్లరేగడి ఊరుకోదు.

దొడ్లో పొడుగు జాగా ఉన్నవాళ్లని పాతింటినే సవరించుకోమంటాను. కొత్తగా కట్టక తప్పనివాళ్లు ముగ్గు పోసేనాడే కుర్చీ దారి గీయించి, ర్యాంపుకీ ఇంటితోపాటే పునాది తీయించాలి. మెట్లెటు వస్తాయో ఆ తర్వాత చూసుకోవచ్చు.