వడ్రంగి మాట – మిశ్రభాషా నిఘంటువు

బ్రౌను 1852-లో తెలుఁగు నిఘంటువును, 1854-లో అన్యదేశ్యపదములకు వేఱుగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించెను. కచేరి కాగితములు చదువువారి కది యుపకరించెను. కాని యట్టి గోడ పనివాని సంచిలో లేదు.

నకిరేకల్లు సీమ 1948 వఱకు నిజాము పాలనలోనిది. అచ్చట రాజభాష ఉర్దూ. ఆ సీమ వడ్రంగి ఉలిని, సుత్తిని, రందను ఒక్కచోటనే యుంచుకొనును. మొదటి రెండును దేశ్యములు. రంద పారసీకము, గీఁకునది యని యర్థము. కోస్తావారు చిత్రిక పట్టుదురు, ఇతఁడు రంద పట్టును. రంద అన్యదేశ్యమని త్రోయు పండితుఁడు త్రాసును నిస్సంశయముగా వ్రాయును. అదియుఁ బారసీకపు ‘తరాజూ’యే!

ఇట్టి సంగతి స్పెయినునందును గలదు. జర్మానికజాతివారగు గోతుల రాజ్యము 711-లోఁ గూలినను వారి మాటలు నిలిచినవి: రౌతు మడమముల్లు ‘ఎస్ప్వేల’, నూలు చుట్టు కఱ్ఱ ‘ఆస్ప’, మాంసము కాల్చు చువ్వ ‘ఎస్పెతో’. ఈ కడపటిది గెలీసియా భాషయందును గలదు. స్పానిషు అకాడమీ నిఘంటువు వీనిని లాటినుసంతతి మాటల నడుమనే యుంచి, మూలమును మాత్రము సూచించును.

మనకును మేలుబంతి లేకపోలేదు. 1962-లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము కర్షకుని నోటిమాటనే కైకొనెను. సామాన్య నిఘంటువునందు రందకుఁ జిత్రికతోడి సమానమగు చోటీయవలెను; ‘పారసీకము’ అను గుఱుతు దానిప్రక్కను జాలును.