ధడా చూడని తూకం

ఈ వారం తిరుపతిలో ఒక అంగడి బల్ల మీది కరపత్రం కాలమిస్టుకు కోపం తెప్పించింది. స్పిరులినా పొడి తింటే రక్త క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయట, హైదరాబాద్‌లో తేల్చారట. ‘దేంతో పోల్చి?’ అని అడగనిదే ఏ అంకెనూ నమ్మొద్దన్నది ఈ కాలమ్ పాత పాట. మళ్లీ అదే ఎత్తుకుందామని ఆయన అసలు పరిశోధన తెరిచారు.

పరిశోధన నిజమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పల్లు రెడ్డన్న బృందం 2004లో ప్రచురించింది. స్పిరులినా నుంచి శుద్ధిచేసిన సీ-ఫైకోసయనిన్ అనే నీలి ప్రోటీన్‌ను కె562 కణాలకు ఇచ్చారు. ఇవి దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన ఒక మహిళ శరీరం నుంచి తీసినవి. 1970ల నుంచి ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. 50 మైక్రోమోలార్ మోతాదు, 48 గంటలు: పెరుగుదల 49 శాతం తగ్గింది. కణాన్ని చావనివ్వని బీసీఎల్-2 ప్రోటీన్ కూడా తగ్గింది.

తగ్గిందని ఎలా తెలుస్తుంది? వెస్టర్న్ బ్లాట్‌లో కణాలను చిదిపి, ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం వారీగా విడదీసి, పొర మీదికెక్కించి, యాంటీబాడీతో కావలసినదాన్ని పట్టుకుంటారు. గీత పలచబడితే తగ్గినట్టు. మరి జెల్‌లో ఆ గీత ఉన్న గడిలో సరుకే తక్కువ పోసుంటే?

ఇక్కడ చిత్తూరు బెల్లం మండీ గుర్తొచ్చింది. కాలమిస్టు తాత అచ్చులు తక్కెడలో పెట్టనిచ్చేవాడు కాదు, ముందు ఖాళీ తక్కెడ చూడాల్సిందే. ముల్లు ఒరిగితే, ‘ధడా కట్టబ్బా, ఆనేకే తూకం’ అనేవాడు. ఎండలో ఎడ్లు నిలబడి ఉన్నా, వెనకున్నోళ్లు గొణుగుతున్నా కదిలేవాడు కాదు. బ్లాట్‌లో ఆ ధడా యాక్టిన్ లాంటి ప్రోటీన్. అన్ని గడుల్లో దాని గీత సమంగా ఉంటేనే పక్క గీతకు విలువ.

పరిశోధనలో ఇంకో మాట ఉంది: కణాన్ని చావువైపు నెట్టే బాక్స్ ప్రోటీన్ మారలేదు. అన్నీ ఒక్కసారే పడిపోతే విషం పోసినట్టే అనుకోవచ్చు. ఒకటి తగ్గి, రెండోది నిలబడింది కాబట్టే తక్కెడ చావువైపు ఒరిగింది.

ల్యాబు గిన్నెలో చచ్చిన కణాలకు మురిసిపోవద్దని రాయడానికి కూర్చున్నారు కాలమిస్టు. కానీ ఇదే జబ్బులో బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ సంకేతాన్ని ఆపే, 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర కూడా మొదట ఇలాంటి గిన్నెల్లోనే నిలబడి చూపించింది. గిన్నె తప్పేమీ లేదు, తప్పు కరపత్రానిదే. శుద్ధిచేసి నేరుగా కణాల మీద పోసిన ప్రోటీన్ వేరు, నోట్లో వేసుకునే పొడి వేరు. రోగి ఆ పొడిని నమ్మి మాత్ర మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

కరపత్రం ఇప్పుడు కాలమిస్టు బల్ల మీద ఉంది. వెనక ఖాళీలో పెన్సిల్ రాత: ‘బాక్స్ మారలేదు.’