శాన్ మిగ్యుయెల్‌లో మూసుకున్న కిటికీ

సెర్జియో లియోనే 1964లో తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ గురించి ఎవరు రాసినా క్లింట్ ఈస్ట్‌వుడ్ పోంచో గురించీ, నోట్లో చుట్ట గురించీ, మోరికోనె సంగీతం గురించీ రాస్తారు. కురొసావా ‘యోజింబో’ని అడక్కుండా వాడుకున్నారన్న తగువు గురించీ రాస్తారు. ఆ దారిలోనే 1971లో మనకి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. నాకు మాత్రం ఆ ఇటాలియన్ సినిమా మొదట్లోనే మూసుకున్న ఒక కిటికీ గురించి రాయాలనుంది.

కథానాయకుడు బావి దగ్గర నీళ్లు తాగుతూ చూస్తుంటాడు. ఒక పసివాడు తల్లి కోసం ఒక ఇంట్లోకి దూరతాడు. కాపలా మనిషి వాణ్ణి బయటికి తరిమి, కాళ్ల దగ్గర తుపాకీ పేలుస్తాడు. కిటికీలోంచి చూసిన ఆమె తలుపు మూసేస్తుంది. ఆమె మారిసోల్. భర్త పేకాటలో మోసం చేశాడని అబద్ధపు నింద వేసి రామోన్ రోహో ఆమెని తెచ్చి ఉంచుకున్నాడు. జూదం పేరు చెప్పి ఆడదాన్ని ఈడ్చుకుపోవడం మనకి కొత్త కథేం కాదు. కానీ ద్రౌపది సభలో నిలబడి ప్రశ్న అడిగింది. మారిసోల్‌కి ఆ ప్రశ్న కూడా లేదు.

మెక్సికో సరిహద్దులోని ఆ ఊరిని తుపాకులూ సారా అమ్ముకునే రెండు ముఠాలు చెరబట్టాయి. ఒక ముఠా నాయకుడే షెరీఫ్! అందరూ యుద్ధం మగవాళ్ల మధ్యే అనుకుంటారు. బందీల మార్పిడి దగ్గర అసలు లెక్క బయటపడుతుంది. ఒకవైపు బాక్‌స్టర్ల కొడుకు ఆంటోనియో, రెండోవైపు మారిసోల్. మనిషికి మనిషి, సరిసమానమే కదా! కానీ అతను నడిచేది తల్లిదండ్రుల దగ్గరికి, ఆమె నడిచేది తనని చెరపట్టినవాడి దగ్గరికి. ఒకే మార్పిడి అతనికి విడుదల, ఆమెకి మళ్లీ చెర. నడివీధిలో కొడుకు పరిగెత్తుకొచ్చి అమ్మని కరుచుకుంటాడు. అప్పుడు రామోన్ దగ్గరికి వెళ్లమని ఆమెకి చెప్పేది ఎవరనుకున్నారు? కథానాయకుడే.

ఈ బేరం నడిపింది కూడా ఒక స్త్రీయే, కాన్సులో బాక్‌స్టర్. షెరీఫ్ నక్షత్రం మొగుడి చొక్కా మీద ఉన్నా ఇంటి పెత్తనం ఆమెది. బున్యుయెల్ ‘విరిదియానా’లో పనిమనిషిగా వేసిన మార్గరీటా లొజానో ఈ పాత్రని ఎంత గట్టిగా చేసిందో! తన కొడుకు కోసం ఇంకొక తల్లిని నాణెంలా చెల్లించడానికి కాన్సులో తడబడదు. తీరా ఇల్లు తగలబడి, భర్తా కొడుకూ కళ్లముందే చచ్చాక, చేతిలో ఆయుధం లేకుండా శపిస్తూ నిలబడినప్పుడు రోహోలు ఆమెనీ కాల్చేస్తారు. ఆమెని క్షమించలేను. అయినా ఆ ఏడుపు వినకుండా ఉండలేను.

మారిసోల్‌గా వేసిన జర్మన్ నటి మరియాన్నె కోహ్ తర్వాత వైద్యవిద్య పూర్తిచేసి మ్యూనిక్‌లో డాక్టరుగా పనిచేసింది. తెరమీద మాత్రం ఆమెకి దక్కింది నాలుగు మాటలు, బోలెడు చూపులు. చివరికి కథానాయకుడే ఆ కుటుంబాన్ని విడిపించి, డబ్బిచ్చి పంపేస్తాడు. మాకెందుకీ సాయం అంటే, ఒకప్పుడు నీలాంటామె ఒకరు తెలుసనీ, అప్పుడు ఆదుకునేవాళ్లెవరూ లేకపోయారనీ అంటాడు. ఆ ఒకామె పేరేమిటో, ఏమైపోయిందో సినిమా చెప్పదు. ఊరు దాటాక మారిసోల్ ఏం మాట్లాడిందో కూడా.