భార్యలకు ఉపదేశము: 1 పేతురు 3:1–7 వినియోగంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

మన సంఘాల స్త్రీల కూడికలలోనూ, వివాహ ఆరాధనలలోనూ, కుటుంబ జీవితంపై వెలువడే చిన్న పుస్తకాలలోనూ భార్యలకు చేసే ఉపదేశానికి 1 పేతురు 3:1–6 ప్రధాన ఆధారంగా ఉంటున్నది. లోబడు, మౌనంగా ఉండు, ప్రార్థించు, సహించు, నీ భర్త మారతాడు అన్నదే దాని సారాంశం. ఈ ఉపదేశం వల్ల మేలు జరగలేదని మేము అనము. సణుగుడు కంటే సత్ప్రవర్తన బలమైనదని గ్రహించి కాపురాన్ని నిలబెట్టుకొన్న సహోదరీలు ఎందరో ఉన్నారు. అయితే దెబ్బలు తిని కాపరి యొద్దకు వచ్చిన స్త్రీని తిరిగి అదే ఇంటికి పంపడానికి కూడా ఇదే వాక్యభాగం వాడబడుతున్నది. పేతురు ఉద్దేశం ఇదేనా అన్నదే మా ప్రశ్న.

1. మొదటి పాఠకులు

ఈ పత్రిక పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల విశ్వాసులకు వ్రాయబడినది (1:1). 3:1లో పేతురు ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొన్నది అవిశ్వాసులైన భర్తలు గల స్త్రీలను. ఆనాటి గ్రీకు రోమా సమాజంలో ఇంటి యజమాని దేవతలే ఇంటివారందరి దేవతలు. మొదటి శతాబ్దంలో జన్మించిన గ్రీకు రచయిత ప్లూటార్కు నూతన దంపతులకు వ్రాసిన హితవులో, భార్య తన భర్త కొలిచే దేవతలను మాత్రమే కొలవాలని, పరాయి మతాచారాలకు తలుపు మూయాలని చెప్పాడు. అలాంటి సమాజంలో ఒంటరిగా క్రీస్తును నమ్మిన భార్య, అతి ముఖ్యమైన విషయంలో భర్త అధికారాన్ని అప్పటికే దాటింది. ఆమెను వెనుకకు మరలమని పేతురు చెప్పలేదు. కాబట్టి పేతురు చెప్పే లోబడుటకు ఆరంభంలోనే ఒక హద్దు ఉన్నది. పండుగనాడు ఇంట్లో పూజకు కూర్చోలేక, ఆదివారం ఒంటరిగా మందిరానికి వచ్చే మన గ్రామాల సహోదరీలకు ఈ స్థితిని వివరించనక్కరలేదు.

2. గమనింపదగిన రెండు మాటలు

మొదటిది “వాక్యము”. తెలుగు బైబిలులో 3:1లో ఈ మాట రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిచోట అది సువార్త వాక్యము. రెండవచోట గ్రీకులో నిర్దేశకం లేని “లోగోస్” ఉన్నది. అక్కడ భావం “మాటలు లేకుండా” అని. మన సంఘ భాషలో వాక్యమంటే దేవుని వాక్యమే గనుక ఈ చమత్కారం మరుగుపడింది. వినడానికి ఇష్టపడని భర్తకు ప్రవర్తనే ప్రసంగమవుతుందని పేతురు భావం. ఇది సాక్ష్యమిచ్చే పద్ధతిని గూర్చిన సలహా. గాయపడిన స్త్రీ తన బాధను ఎవరికీ చెప్పకూడదనే ఆజ్ఞ ఇందులో లేదు.

రెండవది “భయము”. 3:2లోని భయాన్ని భర్తకు భయపడటంగా బోధించడం మనం విన్నదే. అయితే 2:17లో పేతురు భయాన్ని దేవునికి చెల్లించమన్నాడు. 3:6లో శారా పిల్లలు బెదరనివారని చెప్పాడు. భార్యను బెదిరించి లోబరచుకొనే కాపురాన్ని ఈ వచనంతో సమర్థించలేము. శారాను మాదిరిగా చూపే బోధకులు, ఆమె మాట వినుమని దేవుడు అబ్రాహాముతో చెప్పిన సంగతిని (ఆది. 21:12) కూడా చెప్పాలి.

3. విడిచిపెట్టిన వచనం

భార్యలకు చేసే ఉపదేశం సాధారణంగా ఆరవ వచనంతో ముగుస్తుంది. కానీ ఏడవ వచనం కూడా “అటువలె” అనే మొదలవుతుంది. 2:17లో రాజుకు చెల్లించమన్న సన్మానాన్నే ఇక్కడ భర్త భార్యకు చెల్లించాలి. ఆమె జీవమను కృపావరములో అతనితో పాలివారు. ఈ భాగంలో ప్రార్థనకు అభ్యంతరం కలుగుతుందన్న హెచ్చరిక భర్తకే గాని భార్యకు కాదు. భర్త మారకపోతే భార్య ప్రార్థన చాలలేదని నిందించే బోధ, పేతురు హెచ్చరికను తలక్రిందులు చేస్తున్నది.

4. కాపరులకు

సహనం ఆత్మఫలమే. కానీ ఒకరి సహనం మరొకరి పాపానికి మరుగు కాకూడదు. నాబాలు మూర్ఖత్వం ఇంటివారి మీదికి చావు తెచ్చినప్పుడు అబీగయీలు భర్తకు తెలియజేయకుండానే బయలుదేరి వారిని కాపాడింది (1 సమూ. 25). దావీదు ఆమె బుద్ధిని మెచ్చుకొన్నాడు. మన దేశంలో గృహహింస నుండి స్త్రీల రక్షణకై 2005లో చట్టం వచ్చింది, 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చింది. శారీరక హింసతోపాటు మాటలతో, ఆర్థికంగా హింసించడం కూడా అందులో చేరి ఉన్నది. అధికారులకు లోబడుమని 2:13–14 నుండి బోధించే మనం, ఆ చట్టాన్ని ఆశ్రయించిన సహోదరిని అవిశ్వాసిగా చూడటం న్యాయం కాదు.

వివాహ బంధాన్ని బలపరచాలన్న ఆశ మంచిదే. అందుకు భార్యలను మాత్రమే కూర్చోబెట్టి బోధిస్తే చాలదు. ఈ భాగాన్ని ప్రసంగించునప్పుడు ఏడవ వచనం వరకు చదువుదము. దాన్ని చదివే దినాన పురుషులను కూడా మందిరానికి పిలుచుదము. ఆపదలో ఉన్న స్త్రీ మన గడప ఎక్కినప్పుడు ముందు ఆమెకు భద్రత చూపి, ఆ తరువాత కాపురం సంగతి మాట్లాడుదము.